ఇంటి మాటను అచ్చుకెక్కించిన గొర్రెల కాపరి

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏటా ఒక మహనీయుని జీవితం గురించి రాయడం ఆనవాయితీ. అంబేద్కర్, జోతిరావు ఫూలే, సావిత్రిబాయి, జాషువా వంటి వారి గురించి మా సీనియర్లు ఎంతో చక్కగా రాశారు. ఆ వ్యాసాలు చదువుకుంటూనే మేము పెరిగాం. ఈసారి రాసే అవకాశం మాకు వచ్చింది కాబట్టి, మన దగ్గర పెద్దగా ఎవరికీ తెలియని ఒక మనిషిని మీకు పరిచయం చేయాలనుకున్నాం. ఆయన పేరు గ్విలిం హిరైథోగ్. వేల్సు దేశపు కవి, పత్రికా సంపాదకుడు. కొండ మీద గొర్రెలు కాసుకుంటూ పెరిగి, తన చదువు తానే చదువుకున్నవారు.

ఎక్కడి వేల్సు, ఎక్కడి మనం అని మీకు అనిపించవచ్చు. అందుకే ముందుగా మా సంగతి ఒకటి చెప్పాలి.

మేము ఎనిమిదో తరగతిలో ఉండగా మా ఇల్లు అనే అంశం మీద వ్యాసం రాయమన్నారు. మా నాయన పొద్దున్నే జీవాలను తోలుకొని పోతాడనీ, పొద్దుగుంకినాక వస్తాడనీ, అమ్మ సంగటి కెలికి పెడుతుందనీ రాశాం. మా ఇంట్లో మాట్లాడినట్లే రాశాం. ఆ మాటల కిందంతా ఎర్ర సిరా గీతలు పడ్డాయి. తరగతిలో ఆ వ్యాసాన్ని చదివి వినిపించారు. అందరూ నవ్వారు. తరువాతి పరీక్షలో మా తండ్రిగారు గొర్రెలను మేపుటకు వెళ్లెదరు అని రాశాం. మార్కులు బాగానే వచ్చాయి. కానీ ఆ వ్యాసంలో ఉన్న మనిషి మా నాయన కాదు. అప్పటి నుండి ఇంటి మాట ఇంట్లోనే ఉండాలి, కాగితం మీదికి రాకూడదు అని మాకు మేమే నియమం పెట్టుకున్నాం. మాలాగే చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ నియమం పెట్టుకొని ఉంటారు.

పీజీలో ఆంగ్ల సాహిత్యం తీసుకున్నాక, అమెరికా బానిసల జీవితం మీద వచ్చిన టామ్ మామ కథ గురించి సెమినార్ పేపరు రాయవలసి వచ్చింది. ఆ నవల ఏయే భాషల్లోకి వెళ్లిందో వెతుకుతుంటే ఈ వేల్సు కవి పేరు కనిపించింది. ఒక పేజీ అనుకున్నది నెల రోజుల చదువు అయింది.

కొండ కింద పుట్టుక

బ్రిటన్ ద్వీపానికి పడమటి వైపున ఉన్న చిన్న దేశం వేల్సు. పక్కనే ఇంగ్లండు. వేల్సు వారి భాష వెల్ష్. దానికీ ఇంగ్లీషుకూ పోలికే లేదు. వెల్ష్‌లో పద్నాలుగు వందల ఏళ్లుగా కవిత్వం ఉంది. అయినా 1536లో వచ్చిన చట్టంతో అక్కడి కోర్టుల్లో, ఉద్యోగాల్లో ఇంగ్లీషే రాజభాష అయింది. జనం మాట్లాడేది ఒకటి, జడ్జి మాట్లాడేది మరొకటి. ఈ పరిస్థితి మనకు కొత్త కాదు.

గ్విలిం హిరైథోగ్ అసలు పేరు విలియం రీస్. 1802 నవంబరు 8న ఉత్తర వేల్సులోని డెన్‌బీషైర్‌లో, లాన్‌సానన్ అనే ఊరి దగ్గర ఒక రైతు ఇంట్లో పుట్టారు. ఆ ఊరికి పైన హిరైథోగ్ అనే పెద్ద కొండ బయలు ఉంది. చెట్టు తక్కువ, గాలీ వానా ఎక్కువ. అక్కడ పంట కన్నా గొర్రెల మందే దిక్కు. మన దగ్గర ఊరి పేరే ఇంటిపేరు అయినట్లు, వేల్సు కవులు తమ ఊరినో కొండనో కలుపుకొని కవి పేరు పెట్టుకుంటారు. విలియంను వెల్ష్‌లో గ్విలిం అంటారు. తన కొండ పేరును చేర్చుకొని ఆయన గ్విలిం హిరైథోగ్ అయ్యారు. తరువాత ఎంత పెద్ద నగరంలో ఉన్నా, ఎంత పేరు వచ్చినా ఆ కొండ పేరును మాత్రం వదలలేదు.

పసితనంలోనే అమ్మవారు పోసి ఆయనకు ఒక కంటి చూపు పోయింది. ప్రాణం దక్కడమే గొప్ప అనుకునే రోజులవి. మిగిలిన ఆ ఒక్క కంటితోనే ఆయన జీవితాంతం చదివారు, రాశారు. ఊరి బడికి వెళ్లింది కొద్ది కాలమే. ఆ తరువాత పొలం పని, గొర్రెలు కాయడం. ఆయన అన్న హెన్రీ రీస్ కూడా ఈ ఇంట్లోనే పెరిగి, వేల్సు దేశంలో పేరుమోసిన బోధకుడయ్యారు.

బడి లేని చదువు

బడికి సరిగా వెళ్లని కుర్రవాడు కవి ఎలా అయ్యాడు? ఈ ప్రశ్నకు జవాబు ఆయన తెలివి ఒక్కటే అని మేము అనుకోవడం లేదు. ఆయన పుట్టక ముందే ఆ దేశంలో పేదల కోసం ఒక ఏర్పాటు జరిగింది. 1731 ప్రాంతంలో గ్రిఫిత్ జోన్స్ అనే ఆయన తిరిగే బడులు పెట్టించారు. పొలం పనులు లేని చలికాలంలో పంతులు ఊరికి వచ్చి మూడు నెలలు ఉండి, పిల్లలకూ పెద్దలకూ వెల్ష్‌లో బైబిలు చదవడం నేర్పి, మరో ఊరికి వెళ్లిపోయేవాడు. పగలు పనికి పోయేవారికి రాత్రి పూట చెప్పేవారు. ఆ తరువాత ఆదివారం బడులు వచ్చాయి. వాటిలో తాతా మనవడూ ఒకే బల్ల మీద కూర్చొని అక్షరాలు దిద్దేవారు. అందువల్ల ఇంగ్లీషు ఒక్క ముక్క రాని కూలి మనిషి కూడా తన భాషలో పుస్తకం చదవగలిగేవాడు. ఒక తెలివైన పిల్లవాడికి అంత మాత్రం ఆసరా చాలు. ఆ ఆసరా లేక ఎంతమంది ఆగిపోతారో హాస్టల్లో చదివిన మనకు తెలుసు.

లాన్‌సానన్ మారుమూల పల్లే అయినా అక్షరానికి పేదది కాదు. కొత్త నిబంధనను 1567లో వెల్ష్‌లో తెచ్చిన విలియం సాల్స్‌బరీ పుట్టిన ఊరు అదే. ట్యూడర్ అలెద్ అనే పాతకాలపు మహాకవిది కూడా ఆ ఊరే. మూడు వందల ఏళ్ల తరువాత కూడా ఆ చుట్టుపక్కల రైతుల్లో పద్యం కట్టేవారు ఉండేవారు. ఇరుగుపొరుగున ఉన్న అలాంటి పెద్దల దగ్గరే విలియం ఛందస్సు నేర్చుకున్నారు.

వెల్ష్ ఛందస్సు తేలిక కాదు. మన పద్యానికి యతి, ప్రాస ఉన్నట్లు, అక్కడ కింగ్‌హానెద్ అనే నియమం ఉంది. ఒక పాదంలో మొదటి సగంలో వచ్చిన హల్లులే అదే వరుసలో రెండో సగంలో రావాలి. కొన్ని చోట్ల లోపల అంత్యప్రాస కూడా కుదరాలి. ఒక్క హల్లు తప్పినా పాదం చెడినట్లే. కాగితం లేకుండా, మంద వెనుక నడుస్తూ, నోటితోనే పద్యం కట్టి చూసుకునే వారికి ఈ నియమాలే జ్ఞాపకానికి ఆధారం.

వేల్సులో ఐస్తెద్వోద్ అని కవితా పోటీల ఉత్సవం జరుగుతుంది. కవుల జాతర అనుకోవచ్చు. అక్కడ కవులు మారుపేరుతో రచన పంపాలి. న్యాయనిర్ణేతలకు కవి జమీందారో, జీతగాడో తెలియదు. 1826లో బ్రెకన్ పట్టణంలో జరిగిన పోటీలో ట్రఫాల్గర్ యుద్ధం, నెల్సన్ మరణం అనే అంశం మీద రాసిన కావ్యానికి విలియం రీస్‌కు బహుమతి వచ్చింది. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్లు కూడా నిండలేదు. సముద్రపు యుద్ధాన్ని ఒక గొర్రెల కాపరి వర్ణించాడని తెలిసి జనం ఆయన పేరు చెప్పుకోవడం మొదలుపెట్టారు.

పల్లె నుండి లివర్‌పూల్‌కు

ఆ రోజుల్లో వేల్సులో చదువుకోని పేద ఇంటి పిల్లవాడు పైకి రావడానికి ఉన్న దారి చర్చి వేదిక. సర్కారు చర్చి ఇంగ్లండు వారిది. సామాన్య జనం దానికి దూరంగా తమ సొంత ప్రార్థనా మందిరాలు కట్టుకున్నారు. అక్కడ మాట్లాడడానికి విశ్వవిద్యాలయ పట్టా అక్కర లేదు. మనసుకు పట్టేలా వెల్ష్‌లో మాట్లాడగలిగితే చాలు. విలియం రీస్ 1831లో మోస్టిన్‌లో, 1837లో డెన్‌బీలో, 1843లో లివర్‌పూల్‌లో బోధకుడయ్యారు.

లివర్‌పూల్ ఇంగ్లండులోని రేవు పట్టణం. కానీ పని కోసం ఉత్తర వేల్సు పల్లెల నుండి వేలాది మంది అక్కడికి వలస వచ్చారు. మన పల్లెల వాళ్లు బెంగళూరుకూ, బొంబాయికీ పోయినట్లే. ఇళ్లు కట్టే మేస్త్రీలు, రేవు కూలీలు, ఇళ్లలో పనిచేసే ఆడపిల్లలు. వారికి సొంత మందిరాలు, సొంత అచ్చుకూటాలు ఏర్పడ్డాయి. ఈ లివర్‌పూల్ నుండే 1840లో థామస్ జోన్స్ అనే వేల్సు మిషనరీ మన దేశానికి బయలుదేరి, 1841లో చిరపుంజి చేరి, ఖాసీ భాషను రోమన్ లిపిలో రాయించారు. నేటికీ మేఘాలయ ఖాసీల అక్షరక్రమంలో వెల్ష్ పోలిక కనిపిస్తుంది. ఎక్కడి వేల్సు, ఎక్కడి మనం అన్న ప్రశ్నకు ఇదొక జవాబు.

పత్రిక పుట్టుక

లివర్‌పూల్ వచ్చిన ఏడాదే, అంటే 1843 ఆగస్టులో, జాన్ జోన్స్ అనే ముద్రాపకునితో కలిసి విలియం రీస్ అర్ అమ్‌సెరై అనే పత్రిక ప్రారంభించారు. కాలాలు అని దాని అర్థం. అంతకు ముందు 1814లో సెరెన్ గోమర్ అనే మొదటి వెల్ష్ వారపత్రిక వచ్చి, ఏడాది తిరిగేసరికి డబ్బు లేక ఆగిపోయింది. వెల్ష్‌లో వార్తాపత్రిక నిలబడదు అనే మాట అప్పటి నుండి ఉంది.

నిలబడకపోవడానికి కారణం పాఠకులు లేక కాదు, పన్నులు. వార్తాపత్రిక ప్రతి ఒక్క కాపీ మీద ప్రభుత్వం ఒక పెన్నీ స్టాంపు పన్ను వేసేది. 1836కు ముందు అది నాలుగు పెన్నీలు. ప్రకటనల మీద వేరే పన్ను. కాగితం మీద మరో పన్ను. పేదవాడి చేతికి పత్రిక అందకుండా చేయడానికే ఈ పన్నులని అప్పటివారు వాటిని జ్ఞానం మీద పన్నులు అని పిలిచారు. కూలీలకూ, చిన్న రైతులకూ అమ్మే పత్రికకు ఆ ఒక్క పెన్నీ చావుదెబ్బ. దీన్ని తప్పించుకోవడానికి కొంతకాలం అర్ అమ్‌సెరైని ఐల్ ఆఫ్ మాన్ అనే దీవిలో అచ్చువేశారు. ఆ దీవికి సొంత శాసనసభ ఉంది కాబట్టి స్టాంపు పన్ను అక్కడ చెల్లదు. ప్రభుత్వం ఆ దారిని కూడా మూసేసింది. స్టాంపు పన్ను పూర్తిగా పోయింది 1855లో.

ముసలి రైతు ఉత్తరాలు

మొదటి రోజుల్లో అర్ అమ్‌సెరైకి చాలినంత మంది చందాదారులు లేరు. అప్పులు పెరిగాయి. ఆ పత్రికను నిలబెట్టింది ముసలి రైతు ఉత్తరాలు అనే శీర్షిక. ఇదే ఆయన జీవితంలో మాకు అన్నిటికన్నా నచ్చిన భాగం.

ఒక ముసలి రైతు సంపాదకునికి ఉత్తరాలు రాస్తున్నట్లు విలియం రీస్ తానే రాసేవారు. ఆ ఉత్తరాల భాష గ్రంథాల భాష కాదు, మందిరంలో బోధించే భాష కాదు. డెన్‌బీషైర్ పల్లెల్లో నోటితో పలికే యాస. సంతలో, కళ్లంలో, పొయ్యి దగ్గర ఎలా పలుకుతారో అక్షరాలు కూడా అలాగే కూర్చారు. కఠినమైన ఛందస్సులో బహుమతి గెలిచిన కవి కావాలనే ఇలా రాశారు. భాష రాక రాసిన రాత కాదని చదివిన ప్రతివారికీ తెలుసు.

ఆ ముసలి రైతు చిన్నాచితకా కబుర్లతో మొదలుపెట్టి పెద్ద సంగతుల్లోకి దిగుతాడు. తాను అడుగుపెట్టని సర్కారు చర్చికి తన పంటలో పదో వంతు ఎందుకు కట్టాలి? భూమి దున్నేవాడికి ఓటు ఎందుకు లేదు? ధాన్యం దిగుమతి మీద సుంకం వేస్తే లాభం భూస్వామికా, రైతుకా? 1846లో రద్దయిన ధాన్య చట్టాల గురించి పార్లమెంటులో పెద్దమనుషులు మాట్లాడిన విషయాన్నే ఈ రైతు తన గొర్రెల లెక్కలో చెబుతాడు. చదవడం వచ్చిన ఒకరు పైకి చదువుతుంటే చుట్టూ పదిమంది కూర్చొని వినేందుకు తగిన రాత అది. అందులో తమ ఊరి మాట వినిపించేసరికి పత్రిక తమది అనుకున్నారు. చందాదారులు పెరిగారు.

1848లో ఐరోపా అంతటా రాజుల మీద తిరుగుబాట్లు వచ్చాయి. ఇటలీ స్వాతంత్ర్యం కోసం పోరాడిన మాజినీ, హంగరీ నాయకుడు కోషూత్ పేర్లు వేల్సు కొండ రైతుల నోళ్లలో నానడానికి ఈ పత్రికే ముఖ్య కారణం. మాజినీతో విలియం రీస్‌కు ఉత్తర ప్రత్యుత్తరాలు కూడా జరిగాయి. పల్లె యాసలో రాసే రచయితకు పల్లె హద్దుల దాకానే చూపు ఉంటుందనుకునే వారికి ఆయన జీవితమే సమాధానం.

నీలి పుస్తకాలు

1847లో వేల్సు చదువుల మీద ప్రభుత్వ నివేదిక మూడు సంపుటాలుగా వచ్చింది. నీలి అట్టలు ఉండడంతో జనం వాటిని నీలి పుస్తకాలు అన్నారు. విచారణకు వచ్చిన ముగ్గురు కమిషనర్లకూ వెల్ష్ రాదు. పిల్లలను చాలాచోట్ల ఇంగ్లీషులో ప్రశ్నలు అడిగారు. తెలియని భాషలో అడిగితే ఏ పిల్లవాడు జవాబు చెబుతాడు? బడులకు గదులు లేవు, పంతుళ్లకు శిక్షణ లేదు అని వారు రాసింది చాలావరకు నిజమే. కానీ అక్కడితో ఆగలేదు. వెనుకబాటుకు వెల్ష్ భాషే కారణమనీ, ఆ జనానికి, ముఖ్యంగా అక్కడి స్త్రీలకు నీతి లేదనీ రాశారు. దేశమంతా భగ్గుమంది. వెల్ష్ పత్రికలన్నీ ఎదురు తిరిగాయి. తరువాత ఆ సంఘటనకు నీలి పుస్తకాల ద్రోహం అనే పేరు నిలిచిపోయింది.

ఆ కాలంలో కొన్ని బడుల్లో ఒక శిక్ష ఉండేది. వెల్ష్‌లో మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారు. వాడు వెల్ష్‌లో మాట్లాడిన మరొకడిని పట్టిస్తే చెక్క వాడి మెడలోకి మారుతుంది. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. ఇది చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా మెడలో ఎవరూ చెక్క కట్టలేదు. కానీ ఎనిమిదో తరగతిలో పడిన ఆ ఎర్ర గీతల తరువాత, కొత్తగా చేరిన ఒక తమ్ముడు యాస మాట పలికితే మేమే ముందుగా నవ్వాం. చెక్కను పక్కవాడి మెడలోకి మార్చడం అంటే ఇదే కదా అనిపించింది. ఆ తమ్ముడు ఇది చదివితే మమ్మల్ని క్షమించమని అడుగుతున్నాం.

రాబర్ట్ మామ పొయ్యి దగ్గర

1852లో అమెరికాలో హారియట్ బీచర్ స్టో రాసిన టామ్ మామ కథ పుస్తకంగా వచ్చింది. మొదటి ఏడాదిలోనే అక్కడ మూడు లక్షల ప్రతులు అమ్ముడయ్యాయని చెబుతారు. మరుసటి ఏడాదే, 1853లో, విలియం రీస్ దానిని వెల్ష్‌లోకి తెచ్చారు. డెన్‌బీలో థామస్ జీ అచ్చువేశారు.

మామూలుగా అనువదించి ఊరుకోలేదు. ఒక వేల్సు పల్లె ఇంటిని సృష్టించారు. అది రాబర్ట్ మామ ఇల్లు. రాత్రి పూట పొయ్యి చుట్టూ ఇంటివారు, పనివారు, ఇరుగుపొరుగు చేరుతారు. టామ్ మామ కథ అక్కడ వినిపిస్తుంది. మధ్యమధ్యలో వినేవాళ్లు ఆపి ప్రశ్నలు వేస్తారు, బాధపడతారు, వాదించుకుంటారు. పుస్తకానికి రాబర్ట్ మామ ఇంటి పొయ్యి అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. ఎక్కడో కెంటకీలో అమ్ముడుపోయిన బానిస దుఃఖం వేల్సు పల్లెవాసికి తన ఇంటి దుఃఖం కావాలంటే, ఆ కథ తన ఇంట్లో, తన మాటలో వినిపించాలి. ఆ కిటుకు ఆయనకు ముసలి రైతు ఉత్తరాల నుండే తెలుసు.

ఇందులో మరో సంగతి ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో వేల్సు కొండల్లో పేద కుటుంబాలు నేసిన ముతక ఉన్నిబట్ట అట్లాంటిక్ దాటి వెళ్లి తోటల్లోని బానిసల ఒంటి మీద బట్ట అయ్యేది. లివర్‌పూల్ రేవు 1807 దాకా బానిసల వ్యాపారానికి పెద్ద కేంద్రం. ఆ తరువాత కూడా బానిసలు పండించిన పత్తి ఆ రేవులోనే దిగేది. రేవు పెద్దలు ఎంతోమంది ఆ పత్తి మీదే బతికారు. అలాంటి ఊళ్లో బోధకునిగా ఉంటూ ఆయన ఈ పుస్తకం రాశారు.

ఇరవై ఏళ్ల తరువాత, 1873లో, మన జోతిరావు ఫూలే గులాంగిరి రాసి, బానిసత్వాన్ని పోగొట్టడానికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. ఒకరు లివర్‌పూల్‌లో, ఒకరు పూణేలో. ఒకరి గురించి ఒకరు విన్నట్లు మేమెక్కడా చదవలేదు. కానీ ఒకే మంట వెలుగులో ఇద్దరూ తమ జనాన్ని చూసుకున్నారు.

పెద్ద కావ్యం, చిన్న ఉత్తరాలు

జీవిత చరిత్ర అంటే పొగడ్త ఒక్కటే కాకూడదు. విలియం రీస్ 1860లలో ఇమ్మానుయేల్ అనే మహాకావ్యాన్ని రెండు సంపుటాలుగా ప్రచురించారు. వేలాది పాదాలు, ఎన్నో ఏళ్ల శ్రమ. అప్పట్లో గౌరవం దక్కింది కానీ తరువాతి తరాలు దానిని ఇష్టంగా చదవలేదు. విమర్శకులు కూడా సుదీర్ఘమైన, బరువైన రచన అనే అన్నారు. పండితుల మెప్పు కోసం అన్నట్లు ఎత్తైన భాషలో రాసిన కావ్యం అలమారలో ఉండిపోయింది. ముసలి రైతు ఉత్తరాలు మాత్రం 1878లో పుస్తకంగా వచ్చాయి, ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ అచ్చయ్యాయి. 1877లో ఒక ముసలి దర్జీ జీవితం గురించి ఆయన రాసిన కథ వెల్ష్ నవలకు బాట వేసిన వాటిలో ఒకటి. వెల్ష్ నవలకు పితామహుడని పేరు తెచ్చుకున్న డానియల్ ఓవెన్ కొద్ది ఏళ్లకే వచ్చారు. ఆయన వృత్తి కూడా దర్జీ పనే.

ఆయన రాసిన ఒక చిన్న కీర్తన కూడా నిలిచిపోయింది. దైవ ప్రేమను సముద్రాలతో పోల్చిన ఆ పాటను 1904లో వేల్సులో వచ్చిన ఉజ్జీవంలో వేలమంది పాడారు. ఇంగ్లీషులోకి వెళ్లి దేశదేశాలు తిరిగింది.

చివరి రోజులు

1850ల మొదట్లోనే ఆయన పత్రిక బాధ్యత వదులుకున్నారు. 1859లో థామస్ జీ ఆ పత్రికను తన బానర్ అనే పత్రికలో కలిపారు. అలా ఏర్పడిన పత్రిక వేల్సు రైతుల గొంతుగా ఎదిగి, రూపాలు మార్చుకుంటూ 1992 వరకు నడిచింది. వెల్ష్‌లో పత్రిక నిలబడదు అన్న మాటకు ఇంతకన్నా జవాబు ఏముంటుంది?

విలియం రీస్ 1875లో పని విరమించి చెస్టర్ పట్టణంలో స్థిరపడ్డారు. 1883 నవంబరు 8న, సరిగ్గా ఎనభై ఒక్క ఏళ్లు నిండిన పుట్టినరోజు నాడే కన్నుమూశారు.

1899లో లాన్‌సానన్‌లో ఆ ఊరి ఐదుగురు రచయితల జ్ఞాపకార్థం ఒక స్తూపం నిలిపారు. వారిలో విలియం రీస్, ఆయన అన్న హెన్రీ, పాతకాలపు సాల్స్‌బరీ, ట్యూడర్ అలెద్ ఉన్నారు. గాస్‌కోంబ్ జాన్ అనే శిల్పి దానికి ఆ ఐదుగురిలో ఎవరి విగ్రహమూ చేయలేదు. స్తూపం పాదం దగ్గర కూర్చున్న ఒక చిన్న పల్లె పిల్లను కంచుతో చేశారు. ఆ ఫొటో చూసినప్పుడు మన హాస్టల్ మెట్ల మీద పుస్తకం పట్టుకొని కూర్చునే పిల్లలు గుర్తుకొచ్చారు. రచయితలు ఎవరి కోసం రాశారో ఆ శిల్పికి తెలుసు.

మనం చేయవలసింది

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పరీక్షలో రాయవలసిన భాష నేర్చుకోండి. ఇంగ్లీషు కూడా గట్టిగా నేర్చుకోండి. అవి లేకుండా ఉద్యోగం రాదు, లోకం తెలియదు. విలియం రీస్ కూడా కఠినమైన ఛందస్సును వదలలేదు, పక్క దేశాల సంగతులను వదలలేదు. కానీ అవి నేర్చుకోవడానికి ఇంటి మాటను అమ్ముకోనవసరం లేదు. మీ అమ్మ చెప్పే సామెత, మీ తాత పశువులను పిలిచే పిలుపు, మీ ఊళ్లో విత్తనాల పేర్లు ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. వచ్చే ఏడాది సంచికలో వాటికి రెండు పేజీలు ఇవ్వాలని సంపాదక వర్గాన్ని కోరుతున్నాం. కొత్తగా చేరిన వారి యాసకు నవ్వే అలవాటును ఈ ఏడాదితో మానుకుందాం.

మొన్న సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ కథంతా మా నాయనకు చెప్పాం. ఆయనకు చదువు రాదు. చివరి దాకా విని, ఆ పిల్లోడు పద్యాలు కట్టుకుంటా ఉంటే జీవాలను ఎవురు చూసుకున్న్యారు అని అడిగాడు. మేము నవ్వాం. తరువాత ఆలోచిస్తే అది చిన్న ప్రశ్న కాదనిపించింది. మేము ఇక్కడ చదువుకుంటున్న ఇన్నేళ్లూ మా వంతు మందను కూడా తోలింది ఆయనే. ఈ వ్యాసంలో ఆయన మాటను ఆయన పలికినట్లే రాశాం. ఈసారి ఎవరైనా దాని కింద ఎర్ర గీత గీస్తే గీయనివ్వండి.